పిల్లల ఒంటి మీద చీము పొక్కులు, సెగ్గడ్డలు: యాంటీబయాటిక్ ఏది, ఎంత, ఎన్నాళ్లు

ఎండాకాలం చెమటకాయలు, తొలకరి పడ్డాక దోమకాట్లు. హైదరాబాద్‌లో పిల్లల ఒంటి మీద చీము పట్టే పుండ్లు ఎక్కువగా వీటితోనే మొదలవుతాయి. బిడ్డ గోకుతుంది, తోలు లేస్తుంది, ఆ సందులోంచి బ్యాక్టీరియా, అంటే స్టెఫైలోకాకస్ ఆరియస్ గానీ, స్ట్రెప్టోకాకస్ గానీ, ఒక్కోసారి రెండూ గానీ లోపలికి దిగుతాయి. తర్వాత మెడికల్ షాపుకెళ్లి "పుండ్లకు ఏదైనా మంచి యాంటీబయాటిక్ ఇవ్వండి" అని ఒక సిరప్, ఒక ట్యూబు తెచ్చుకుంటారు. మూడో రోజుకు "మందు పని చేయలేదు" అంటారు.

చాలాసార్లు తప్పు మందు బలంలో ఉండదు. పుండుకు సరిపడని మందు, బరువుకు సరిపడని కొలత, మధ్యలో అయిపోయిన సీసా, తీయకుండా వదిలేసిన చీము: ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటుంది. కింద రాసిన డోసులు డాక్టర్ రాసిన చీటీ అర్థం చేసుకోవడానికి, అనుమానం వస్తే అడగడానికి. చీటీ లేకుండా కొనడానికి కాదు.

ముందు అది ఏ పుండో తేల్చుకోండి

మూతి చుట్టూ, ముక్కు కింద, మోకాళ్ల మీద చిన్న పొక్కులు లేచి, చితికి, రసి కారి, దాని మీద బెల్లం పాకం ఆరినట్టు తేనె రంగు పక్కు కడితే అది ఇంపెటైగో. రెండు నుంచి ఐదేళ్ల పిల్లల్లో ఎక్కువ. నొప్పి పెద్దగా ఉండదు, దురద ఉంటుంది, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. దీనిలోనే ఇంకో రకం ఉంది: నీటి బొబ్బలు లేచి, పగిలి, పల్చటి పొర వేలాడుతుంది. అది స్టెఫైలోకాకస్ విషం వల్ల వచ్చేది, దానికి ట్యూబు ఒక్కటే చాలదు.

వెంట్రుక మొదట్లో గట్టిగా, నొప్పిగా లేచి మధ్యలో ముక్కు కట్టేది సెగ్గడ్డ. లోపల చీము నిండి వేలితో నొక్కితే మెత్తగా కదిలితే అది చీముగడ్డ. గడ్డంటూ లేకుండా చర్మం పరుచుకున్నట్టు వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే సెల్యులైటిస్. ఇక్కడ ఒక మాట. పుస్తకాల్లో "ఎర్రగా ఉంటుంది" అని రాస్తారు. చామనచాయ, నలుపు రంగు పిల్లల్లో ఆ ఎరుపు సరిగా కనబడదు, ఊదాగానో, చుట్టూ ఉన్న చోటుకన్నా ముదురుగానో ఉంటుంది. కాబట్టి కంటితో చూసి వదిలేయకండి. చేతి వెనకవైపు ఆనించి వేడి చూడండి, రెండో కాలుతోనో చేతితోనో పోల్చి వాపు చూడండి, చర్మం నిగనిగలాడుతోందా చూడండి.

యాంటీబయాటిక్ అక్కర్లేనివీ ఉన్నాయి. గుండ్రంగా అంచు లేచి మధ్యలో మామూలుగా ఉండేది తామర, దానికి ఫంగస్ మందు కావాలి. వానాకాలంలో నిద్ర లేచేసరికి మెడ మీద కాలినట్టు గీత పడి, మంట పుడితే అది ఎక్కువగా పురుగు రసం అంటుకుని వచ్చినది. వేళ్ల సందుల్లో, నడుం దగ్గర రాత్రిళ్లు విపరీతమైన దురద, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే గజ్జి. గజ్జికి చీము పట్టినప్పుడు రెండింటికీ వైద్యం చేయాలి. చీముకు మాత్రమే మందు వాడితే పది రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. గజ్జికి పెర్మెత్రిన్ 5 శాతం క్రీము రాత్రి పూట మెడ కింద నుంచి అరికాళ్ల దాకా రాసి 8 నుంచి 12 గంటలు ఉంచి కడగాలి. పసిపిల్లలకు తలకూ ముఖానికీ ఎలా రాయాలో డాక్టర్ చెబుతారు. ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి, వారం తర్వాత ఇంకోసారి. దురద లేని నాన్న కూడా.

ట్యూబుతో తగ్గేవి

ఇంపెటైగో పుండ్లు రెండు మూడు చోట్లకు మించకుండా, జ్వరం లేకుండా ఉంటే పూత మందు చాలు. ముపిరోసిన్ 2 శాతం ఆయింట్‌మెంట్ రోజుకు రెండుసార్లు, లేదా ఫ్యూసిడిక్ యాసిడ్ 2 శాతం క్రీము రెండు మూడు సార్లు, 5 రోజులు. అక్కడితో ఆపేయాలి. మిగిలిన ట్యూబును ప్రతి గీతకూ నెలల తరబడి రాస్తే ఆ మందుకు లొంగని బ్యాక్టీరియాను ఇంట్లో మనమే పెంచుకున్నట్టు.

రాసే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది. పక్కు మీద రాస్తే మందు పక్కుకే పడుతుంది, కింద ఉన్న బ్యాక్టీరియాకు అందదు. శుభ్రమైన పాత నూలు గుడ్డను సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండి, పుండు మీద పది నిమిషాలు వేసి ఉంచండి. పక్కు మెత్తబడ్డాక పైపైన తుడిస్తే ఊడినంత ఊడుతుంది. ఊడనిది గోటితో పీకొద్దు, రక్తం వస్తే పుండు మళ్లీ కొత్తగా మొదలవుతుంది. మెత్తగా అద్ది ఆరబెట్టి, మందు పల్చగా, పుండు అంచు దాటి ఒక అర సెంటీమీటరు దాకా రాయండి. పైన తెల్లగా మేట వేసినట్టు కనబడుతుంటే అది ఎక్కువైనట్టు. పెద్దవాళ్ల చూపుడు వేలి చివరి కణుపు పొడవున పిండితే అర గ్రాము వస్తుంది. రెండు మూడు చిన్న పుండ్లకు అందులో సగం చాలు, ఆ లెక్కన 5 గ్రాముల ట్యూబు కోర్సు అంతటికీ సరిపోయి ఇంకా మిగులుతుంది. ఆ గుడ్డను మళ్లీ వాడకుండా వేణ్ణీళ్లలో ఉతకండి, రాసే ముందూ తర్వాతా చేతులు కడుక్కోండి.

స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీములు అన్ని షాపుల్లోనూ ఉంటాయి, "అన్నిటికీ పనికొస్తుంది" అని చేతిలో పెడతారు. రాసిన రెండో రోజుకే దురద, ఎరుపు తగ్గుతాయి. అది స్టెరాయిడ్ చేసే పని. ఇన్ఫెక్షన్ మాత్రం కింద అలాగే ఉంటుంది, తామరైతే ఇంకా పాకుతుంది. పిల్లల ముఖానికి ఇవి అసలు వద్దు. పసుపు దట్టంగా పూస్తే రంగు మారడం కనబడదు, పౌడరు చల్లితే రసితో కలిసి ముద్ద కడుతుంది. నీళ్లు కలపని యాంటీసెప్టిక్ ద్రావణం లేత చర్మాన్ని కాలుస్తుంది. సబ్బు, నీళ్లు చాలు.

సెగ్గడ్డ సంగతి వేరు

చీము కూడిన చోటికి రక్తం సరిగా అందదు, రక్తంలో వచ్చే మందూ అందదు. అందుకే గడ్డ పక్వానికి వచ్చాక ఎంత ఖరీదైన సిరప్ తాగించినా అది అలాగే ఉంటుంది. చీము బయటికి రావడమే అసలు వైద్యం.

చిన్న గడ్డకు వేడి కాపడం పెట్టండి: గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. వేడి ముందు మీ మణికట్టు మీద చూసుకోవాలి. దానంతట అది పగిలితే తుడిచి, గాజుగుడ్డ కట్టి ఉంచండి. రెండు మూడు రోజుల్లో పగలకుండా పెరుగుతుంటే, రెండు సెంటీమీటర్లు దాటితే, డాక్టర్ దగ్గర చిన్న గాటు పెట్టించాలి. నొక్కి చిదమడం మాత్రం వద్దు. ముఖ్యంగా ముక్కు, పైపెదవి మీద గడ్డలు: అక్కడి రక్తనాళాలు లోపల మెదడు వైపు నాళాలతో కలుస్తాయి.

సున్నం, బెల్లం నూరి పట్టీ వేయడం మన ఇళ్లలో పాత అలవాటు. సున్నం క్షారం. పెద్దవాళ్ల మందపాటి తోలు మీద ఎలా ఉన్నా, రెండేళ్ల పిల్ల తొడ మీద అది కాలిన గాయం చేస్తుంది. తర్వాత డాక్టరుకు గడ్డ ఏదో, కాలింది ఏదో తేల్చుకోవడం కష్టమవుతుంది. మామిడిపండ్లు మానిపించినంత మాత్రాన గడ్డలు ఆగవు. మామిడిపండ్ల కాలమూ, చెమట కాలమూ ఒకటే కావడంతో నింద పండు మీద పడింది.

గాటు పెట్టినప్పుడు తీసిన చీమును కల్చర్‌కు (అందులో ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) పంపమని అడగండి. సిరప్ మొదలుపెట్టక ముందే తీస్తే రిపోర్టు నమ్మదగ్గదిగా ఉంటుంది. వచ్చాక అందులో ఆక్సాసిలిన్ లేదా సెఫాక్సిటిన్ అన్న పేరు పక్కన "ఆర్" (లొంగదు) అని ఉందేమో చూడండి. ఉంటే అది ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మామూలు మందులకు లొంగని స్టెఫైలోకాకస్. మామూలుగా ఇచ్చే సెఫలెక్సిన్, అమాక్సిక్లావ్ (అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిపినది) రెండూ దాని మీద పని చేయవు. అప్పుడు క్లిండమైసిన్, కోట్రైమాక్సజోల్ లాంటివాటిలో "ఎస్" (లొంగుతుంది) అని ఉన్నది డాక్టర్ ఎంచుతారు. జీ6పీడీ లోపం (కొన్ని మందులకు ఎర్ర రక్తకణాలు విరిగిపోయే, పుట్టుకతో వచ్చే లోపం) ఉన్న పిల్లలైతే కోట్రైమాక్సజోల్ రాసే ముందే ఆ సంగతి చెప్పాలి.

తాగే మందు ఎప్పుడు, ఏది

పుండ్లు చాలాచోట్ల ఉన్నా, నీటి బొబ్బల రకమైనా, జ్వరం ఉన్నా, గజ్జల్లోనో చంకలోనో బిళ్ళ కట్టినా, సెల్యులైటిస్ అయినా తాగే మందు కావాలి. అది మొదలుపెట్టాక పూత యాంటీబయాటిక్ కూడా కలిపి వాడితే అదనంగా వచ్చేది లేదు.

ఈ రెండు బ్యాక్టీరియాలకూ సరిపడే మందు మొదటి తరం సెఫలోస్పోరిన్: సెఫలెక్సిన్, లేదా సెఫడ్రాక్సిల్. దాని తర్వాత ఎంచుకునేది అమాక్సిక్లావ్. ఒట్టి అమాక్సిసిలిన్ పనికిరాదు, స్టెఫైలోకాకస్‌లో ఎక్కువ భాగం దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేస్తుంది. క్లావులనేట్ కలిపేది ఆ ఎంజైమ్‌ను అడ్డుకోవడానికే.

ఎక్కువగా జరిగే పొరపాటు సెఫిక్సిమ్‌తో. అది మూడో తరం మందు, "పైస్థాయిది కాబట్టి బలమైనది" అనుకుంటారు. టైఫాయిడ్ లాంటి జబ్బుల్లో వాడతారు, స్టెఫైలోకాకస్ మీద మాత్రం బాగా బలహీనం. పోయినసారి జ్వరానికి మిగిలిన సెఫిక్సిమ్ సీసా చీము పుండ్లకు ఇస్తే నాలుగు రోజులు వృథా అవుతాయి. మూడు రోజుల అజిత్రోమైసిన్ కోర్సు కూడా అంతే, లొంగని రకాలు ఎక్కువ కాబట్టి దాని మీద ఆధారపడలేం. పెన్సిలిన్ జాతి మందులకు తీవ్రమైన అలర్జీ ఉన్న పిల్లల సంగతి వేరు, వాళ్లకు ఏది ఇవ్వాలో డాక్టరే తేలుస్తారు.

డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి. ఆ రోజే తూకం వేయించండి. సెఫలెక్సిన్ కిలోకు రోజుకు 25 నుంచి 50 మిల్లీగ్రాములు, మూడు నాలుగు పూటలుగా. సెఫడ్రాక్సిల్ కిలోకు రోజుకు 30, రెండు పూటలుగా. బడికి వెళ్లే పిల్లలకు మధ్యాహ్నం డోసు తప్పుతుందని తెలిస్తే ఆ మాట ముందే చెప్పండి, రెండు పూటల మందు రాస్తారు. అమాక్సిక్లావ్ అమాక్సిసిలిన్ లెక్కన కిలోకు రోజుకు 25, రెండు పూటలుగా. తీవ్రతను బట్టి పెంచుతారు.

15 కిలోల పాపకు సెఫలెక్సిన్ కిలోకు 50 చొప్పున రాశారనుకోండి. రోజుకు 750 మిల్లీగ్రాములు, మూడు పూటలకు పూటకు 250. సీసా మీద "5 మి.లీ.కు 125" అని ఉంటే పూటకు 10 మి.లీ., "5 మి.లీ.కు 250" అని ఉంటే 5 మి.లీ. షాపులో ఒకటి లేదని రెండోది ఇస్తే, ఇంట్లో మాత్రం "రెండు మూతలు" అన్న పాత లెక్కే నడుస్తుంది. అమాక్సిక్లావ్‌లో ఇంకో చిక్కు: 228.5 అని ఉండే సీసాలో 5 మి.లీ.కు అమాక్సిసిలిన్ 200, మిగతాది క్లావులనేట్. 457లో 400. అదే పాపకు కిలోకు 25 లెక్కన పూటకు దాదాపు 190 కావాలి, అంటే మొదటి సీసాలో 5 మి.లీ. లోపు, రెండో సీసాలో 2.5 మి.లీ. లోపు. పేరు ఒకటే, డబ్బా రంగూ దాదాపు ఒకటే. అంకె చూడకుండా సీసా మూత తీయొద్దు.

ఇంపెటైగోకు 7 రోజులు. సెల్యులైటిస్‌కు 5 రోజులు, అప్పటికి పూర్తిగా దారికి రాకపోతే ఇంకొన్నాళ్లు పొడిగిస్తారు.

30 మి.లీ. సీసా లెక్క

కోర్సు సగంలో ఆగడానికి తల్లిదండ్రుల నిర్లక్ష్యం కన్నా సీసా సైజే పెద్ద కారణం. మన దగ్గర పొడి సిరప్‌లు చాలావరకు 30 మి.లీ. సీసాల్లో వస్తాయి. పూటకు 5 మి.లీ., రోజుకు మూడుసార్లు అంటే ఒక సీసా రెండు రోజులే. 7 రోజులకు 105 మి.లీ., నాలుగు సీసాలు. చీటీలో "ఒకటి" అని రాసి ఉంటుంది, సీసా అయిపోయేసరికి పుండు కాస్త ఆరి ఉంటుంది, కోర్సు అయిపోయిందనుకుంటారు. షాపు కౌంటరు దగ్గరే రోజు మోతాదును రోజులతో గుణించి సీసాలు లెక్కేసుకోండి. అన్నీ ఒకేసారి కొన్నా ఒక్కోటే కలపండి, పొడి కలపకుండా ఉంచితే సీసా మీద ఉన్న గడువు తేదీ దాకా పాడవదు.

కలిపే ముందు సీసాను అరచేతికి తట్టి పొడి విడదీయండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు, లేదా డబ్బాలోనే ఇచ్చిన నీళ్లు, గుర్తులో సగం దాకా పోసి గట్టిగా ఊపండి. మిగతావి గీత దాకా పోసి మళ్లీ ఊపండి. నురగ దిగాక మట్టం గీత కిందికి వస్తుంది, ఇంకాస్త నీళ్లు పోసి సరిచేయాలి. ఇక్కడే తప్పు జరిగేది: నురగను చూసి గీత దాకా వచ్చిందనుకుంటే మందు చిక్కబడి ప్రతి డోసూ ఎక్కువవుతుంది. వేడి నీళ్లు పోస్తే మందే చెడిపోతుంది. సీసా మీద కలిపిన తేదీ రాయండి. అమాక్సిక్లావ్ ఫ్రిజ్‌లో ఉంచి 7 రోజుల్లో వాడేయాలి, తలుపు అరల్లో కాకుండా లోపలి అరలో. ఎండాకాలం కరెంటు ఎక్కువసేపు పోయి సిరప్ ముదురు గోధుమ రంగుకు తిరిగితే పారేసి కొత్తది కలపండి. మిగతా మందులకు లేబుల్ మీద ఏం రాసుంటే అది. ప్రతిసారీ ఊపి పోయాలి, లేకపోతే మొదటి రోజులు నీళ్లు, చివరి రోజులు మందు తాగినట్టవుతుంది.

వంటింటి చెంచాలు ఒక్కోటీ ఒక్కో కొలత. సూది లేని 5 మి.లీ. సిరంజి తెచ్చుకుని, బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా పోయండి. పాల సీసాలో కలపొద్దు, పాలు మిగిలితే మందూ మిగిలిపోతుంది. అమాక్సిక్లావ్ అన్నం మొదటి ముద్దతో ఇస్తే కడుపులో తిప్పదు. ఇచ్చిన అరగంటలోపు మొత్తం కక్కేస్తే ఒక్కసారి మళ్లీ ఇవ్వొచ్చు. పూట తప్పితే గుర్తొచ్చినప్పుడు ఇవ్వండి, తర్వాతి డోసు దగ్గరపడితే వదిలేయండి, రెండు కలిపి ఇవ్వొద్దు. పల్చటి విరేచనాలు మామూలే, ఓఆర్‌ఎస్ పట్టండి. ఒళ్లంతా దద్దుర్లు లేచి పెదవులు, కళ్లు వాచినా, ఆయాసం వచ్చినా మందు ఆపి 108కి ఫోన్ చేయాలి.

48 గంటల పరీక్ష

మందు మొదలుపెట్టే ముందు సెల్యులైటిస్ అంచు వెంట బాల్‌పెన్‌తో గీత గీయండి, పక్కన తేదీ, టైము రాయండి. మొదటి రోజు గీత కొద్దిగా దాటినా కంగారు లేదు, చచ్చే బ్యాక్టీరియా వల్ల వాపు కాస్త పెరుగుతుంది. 48 గంటలకు నొప్పి, వేడి, జ్వరం తగ్గుముఖం పట్టాలి, అంచు ఆగాలి. చర్మం రంగు, తోలు ఊడటం ఇంకా వారం రెండు వారాలుంటాయి, వాటిని చూసి మందు మార్చొద్దు. నొప్పికి పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. ఆటలమ్మ పోసిన బిడ్డకు ఐబుప్రోఫెన్ ఇవ్వొద్దు.

48 గంటలకూ తగ్గకపోతే ముందు కొలత, సీసా బలం సరిచూసుకోండి. అవి సరిగ్గానే ఉంటే లోపల చీము కూడిందేమో, ముల్లో గాజుముక్కో ఉందేమో, ఎంఆర్‌ఎస్‌ఏ ఏమో డాక్టర్ చూడాలి. ఇంకో బలమైన సిరప్ మనమే మార్చుకోవడం దీనికి జవాబు కాదు.

అసలు ఆగకూడనివి: మూడు నెలల లోపు పసికందుకు చీము పొక్కులు లేదా జ్వరం. కంటి చుట్టూ వాపు, అందులోనూ కన్ను తిప్పలేకపోవడం, ముందుకు పొడుచుకు రావడం. చర్మం ముట్టుకుంటేనే ఏడ్చి, కాలినట్టు పొరలు పొరలుగా ఊడటం. కనిపించే పుండుకు పొంతన లేనంత నొప్పి, నల్లబడటం, గంటల్లో పాకడం. మగతగా ఉండటం, పాలు తాగకపోవడం. కీలు కదపకపోవడం, కుంటడం. ఇవి ఉంటే సిరప్‌తో ఇంట్లో కూర్చోవద్దు, సెలైన్ ద్వారా మందు కావాలి. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్, సికింద్రాబాద్ వైపు గాంధీ ఆస్పత్రుల్లో పిల్లల అత్యవసర విభాగాలు రాత్రీపగలూ ఉంటాయి.

పాకకుండా, తిరగబెట్టకుండా

గోళ్లు కత్తిరించండి. తువ్వాలు, దిండు గలీబు వేరు పెట్టి రోజూ వేణ్ణీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. మందు మొదలై 24 గంటలు దాటాక, పుండ్లు కప్పి ఉంచగలిగితే బడికి పంపొచ్చు. రసి కారుతుంటే ఇంకో రోజు ఆగడం నయం.

ఏడాదిలో మూడు నాలుగు సార్లు సెగ్గడ్డలు వస్తుంటే బ్యాక్టీరియా ముక్కు రంధ్రాల్లోనో, ఇంట్లో ఇంకొకరి దగ్గరో కాపురం పెట్టి ఉంటుంది. ముక్కు లోపల ముపిరోసిన్ రోజుకు రెండుసార్లు 5 రోజులు, అదే 5 రోజులు క్లోర్‌హెక్సిడిన్ అనే యాంటీసెప్టిక్‌తో ఒళ్లు కడగడం (కళ్లలో, చెవుల్లో పడకుండా) డాక్టర్ చెబితే చేయాలి. ఉన్న గడ్డ మానాక, ఇంట్లో అందరూ ఒకేసారి చేస్తేనే ఉపయోగం. షుగర్, రోగనిరోధక శక్తి పరీక్షలు అవసరమా అన్నదీ అప్పుడే అడగండి.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. స్ట్రెప్టోకాకస్ పుండ్లు వచ్చిన మూడు నుంచి ఆరు వారాలకు కొంతమంది పిల్లల్లో మూత్రపిండాలు వాస్తాయి. యాంటీబయాటిక్ పూర్తిగా వాడినా ఇది రావచ్చు. పొద్దున లేవగానే ముఖం, కళ్ల కింద ఉబ్బినట్టు ఉండటం, మూత్రం తగ్గి పాలు లేని టీ రంగులో రావడం దాని గుర్తులు. అలా కనబడితే ఆ రోజే బీపీ చూపించి, మూత్ర పరీక్ష చేయించండి. దగ్గర్లోని బస్తీ దవాఖానాలోనైనా సరే, నెల కింద పుండ్లు వచ్చాయన్న మాట మాత్రం మర్చిపోకుండా చెప్పాలి. పుండ్లు మానిపోయాయి కదా అని డాక్టర్ అడగకపోవచ్చు, మీకూ గుర్తుకు రాకపోవచ్చు.